వాసన రాలేదా? వత్తిని అడగండి

కొవ్వొత్తి కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? రంగు చూస్తాం. గాజుగ్లాసు చూస్తాం. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని "ఆహా" అంటాం. వత్తి వంక చూసినవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. ఇంట్లో తయారుచేసుకునేవాళ్లదీ ఇదే వరస. మైనం ఏది మంచిది, సెంటు ఎక్కడ దొరుకుతుంది, మల్లె వెయ్యాలా మొగలి వెయ్యాలా అని వారం రోజులు తర్జనభర్జన పడతారు. వత్తి దగ్గరికి వచ్చేసరికి చేతికందిన దారం వేసేస్తారు. తీరా వెలిగించాక వాసన రాదు. అప్పుడేం చేస్తారు? ఇంకాస్త సెంటు పోస్తారు. మళ్లీ రాదు. మళ్లీ పోస్తారు.

తప్పు సెంటుది కాదు మహాప్రభో, వత్తిది. ఆ ఒక్క మాట చెప్పడానికే ఇవాళ మిమ్మల్ని కూర్చోబెట్టాను. కాఫీ తెచ్చుకుంటానంటే తెచ్చుకోండి, ఆగుతాను.

సరే. రంగూన్‌లో తాకేటా అని ఒక పేట ఉంది. ఊరి పేరు యాంగోన్ అని మార్చి చాలా ఏళ్లయింది గానీ మా ఇళ్లలో ఇంకా రంగమే. నగరం నడిబొడ్డు నుంచి తూర్పుగా పజున్‌డౌంగ్ వాగు దాటితే తాకేటా. 1958లో అధికారం చేతికొచ్చిన సైన్యాధిపతి నె విన్ ఆపద్ధర్మ ప్రభుత్వం, రంగూన్ మధ్యలో గుడిసెలు వేసుకుని బతుకుతున్నవాళ్లని మూటాముల్లెతో సహా లేవదీసి, ఇక్కడా, ఉత్తర ఒక్కలాపాలోనూ, దక్షిణ ఒక్కలాపాలోనూ దింపేసింది. అలా పుట్టిన పేట అది. వాగుకి అవతలి ఒడ్డున, పజున్‌డౌంగ్‌లో, ఒకప్పుడు బియ్యం మిల్లులు బారులు తీరి ఉండేవి. ఆ మిల్లుల్లోనూ, రేవులోనూ బస్తాలు మోసినవాళ్లలో మన ఉత్తరాంధ్ర వాళ్లు వేలకి వేలు. కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారు. మా మేనత్తగారి మామగారు అలాగే భీమిలిలో ఓడెక్కినవాడు. ఆ ఇంటి ఆడపడుచు, నాకు వదిన వరస, ఇప్పుడు తాకేటాలో కాపురం ఉంటోంది. వదిన తెలుగు మాత్రం ఇంకా భీమిలి తెలుగే, మధ్యమధ్య బర్మా మాటలు తగిలించి.

తాకేటాలోనే గ్యాసుతో నడిచే విద్యుత్ కేంద్రం ఉంది. అయినా 2021 తరవాత రంగూన్ అంతటితోపాటు అక్కడా కరెంటు కోతలే. దీపం కింద చీకటి అని మనవాళ్లు ఊరికే అన్నారా? కాబట్టి ఆ ఇళ్లలో కొవ్వొత్తి అంటే ఉప్పూ పప్పూ లాగా నెలవారీ సరుకు. దానికి వాసనేమిటి అని అడుగుతారేమో. తడింజుట్ అని అక్టోబరు పున్నమికి వాళ్లకి దీపాల పండగ. ఇంటింటా కొవ్వొత్తులు వెలిగిస్తారు, పెద్దవాళ్ల దగ్గరికి కానుకలు పట్టుకెళ్లి మొక్కుతారు. ఆ తరవాతి పున్నమి తజౌంగ్‌డైన్, దాదాపు మన కార్తీక పున్నమి వేళకే. ఈ రెండు పున్నములకీ ఇవ్వడానికి గ్లాసుల్లో వాసన కొవ్వొత్తులు చేయాలని వదిన సంకల్పం.

"ఒలే, నువ్వు పత్రికలకి రాస్తావు కదేటి, ఇది సెప్పు మరి. సెంటు ఇంకో రొండు మూతలు పోసినాను. ఐనా వాసన రాదేటి?" అంది, నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు.

"వత్తి ఎక్కడిది వదినా?" అన్నాను.

"ఎక్కడిదేటి, కొవ్వొత్తిలోదే."

అదీ సంగతి. కరెంటు పోయినప్పుడు వెలిగించే సన్న కొవ్వొత్తుల్ని కరిగించి, ఆ మైనంలో ఇంకాస్త మెత్తటి మైనం కలిపి, సెంటు పోసి, 7 సెంటీమీటర్ల వెడల్పున్న గ్లాసులో పోసింది. కరిగిన కొవ్వొత్తిలోంచి తీసిన వత్తినే దాని మధ్యలో నిలబెట్టింది. పొదుపే. కానీ ఆ వత్తి పుట్టింది 2 సెంటీమీటర్ల లావు కొవ్వొత్తి కోసం. దాని శక్తి అంతవరకే.

వెలిగించి ఎదురుగా కూర్చున్నాం. మొదటి పది నిమిషాలు మంట నిటారుగా, ముచ్చటగా ఉంది. వత్తి చుట్టూ అంగుళం వెడల్పున మైనం కరిగి తేట పడింది. అక్కడితో ఆగిపోయింది. ఆ గుంట పక్కకి పెరగలేదు, లోతుకి దిగడం మొదలుపెట్టింది. చుట్టూ మైనం గోడలు లేచాయి. కరిగిన మైనం పోయే దారిలేక వత్తి మెడదాకా వచ్చింది. మంట చిన్నదై, నీలంగా, పెసరగింజంత అయిపోయి, చిటపటమని రెండుసార్లు అని ఆరిపోయింది. గోడల్లో ఉన్న సెంటు గోడల్లోనే ఉంది. వదిన పోసిన రెండు మూతలూ అందులోనే భద్రంగా ఉన్నాయి.

వాసన ఎక్కడినుంచి వస్తుందో ఒకసారి ఆలోచించండి. వెలిగించకముందు మూత తీసి చూసినప్పుడు వచ్చేది ఒక వాసన. అది గట్టి మైనం పైపొర నుంచి వచ్చేది. దాన్నిబట్టి ఏమీ తేల్చకూడదు. వెలిగించాక గది నిండా రావలసిన వాసన వేరు. అది కరిగిన మైనం నుంచి లేస్తుంది. వేడి మైనం చెరువు ఎంత వెడల్పుగా ఉంటే అంత సెంటు గాలిలో కలుస్తుంది. మంట నోట్లో పడిన సెంటు కాలిపోతుంది, దానివల్ల ముక్కుకి ఒరిగేదేమీ లేదు. ఆ చెరువుని ఎంత వెడల్పు చెయ్యాలో, ఎంత వేడి చెయ్యాలో తేల్చేది వత్తి లావు. చూశారా, మల్లెకీ మొగలికీ మధ్య కొట్టుకుచచ్చి ఏం లాభం?

మరి వత్తి చేసే పని ఏమిటి? కాలడం అనుకుంటాం. నిజానికి కాలేది మైనం. వత్తి పని మోత. కింద కరిగిన మైనాన్ని నూలుపోగుల సందుల్లోంచి పైకి పీల్చి మంటకి అందించడం. అక్కడ అది ఆవిరై, ఆవిరి కాలుతుంది. మైకేల్ ఫారడే 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్క కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. అందులో ఒక తమాషా ఉంది. కొవ్వొత్తిని ఊదేస్తే వత్తి నుంచి తెల్లటి పొగ తీగలా లేస్తుందే, ఆ పొగకి కాస్త ఎత్తులో వెలిగే అగ్గిపుల్ల పెట్టండి. మంట గాలిలోంచి కిందికి పాకి వత్తిని అంటుకుంటుంది. ఆ పొగ మైనం ఆవిరే. ఇంట్లో చేసి చూడండి, పిల్లలు గంటసేపు హోంవర్కు మర్చిపోతారు. పెద్దవాళ్లూ మర్చిపోతారు.

కాబట్టి వత్తి పీల్చేది, మంట తినేది సరిగ్గా సరిపోవాలి. వత్తి సన్నమైతే అందించేది చాలదు, చెరువు పెరగదు, మంట మునిగిపోతుంది. లావైతే మంట తినగలిగినదానికంటే ఎక్కువ అందుతుంది. కాలని మసి పైకి పోయి గ్లాసు మెడ నల్లబడుతుంది, వత్తి కొసన కుక్కగొడుగులా కొడి కడుతుంది, గ్లాసు ముట్టుకోలేనంత కాలుతుంది. సెంటు మొదటి గంటలోనే ఆవిరైపోయి తరవాత మైనం కంపు మిగులుతుంది. ఈ రెండో రకం ప్రమాదం కూడా. మొదటిది వట్టి ప్రయాస.

కొడి అన్నాను కదా. మన దీపపు కుందిలో వత్తికి కొడి కడితే ఏం చేస్తాం? పుల్లతో దులిపి వత్తిని కాస్త ఎగదోస్తాం. ఆ పని చేసే మనిషి పక్కనే ఉంటుందన్న నమ్మకంతోనే పూజవత్తిని వదులుగా, మెత్తగా పేనుతాం. అందుకే పూజవత్తులు కొవ్వొత్తికి పనికిరావు. పత్తిమార్కెట్ దగ్గర పుట్టినవాళ్లం, కార్తీకంలో 365 వత్తులు పేనిన చేతులు, మాకు వత్తి పాఠాలా అని మీరు అనొచ్చు. కుందిలో వత్తి నూనెలో పడుకుంటుంది, కొస ఒక్కటే అంచు మీద తల పెట్టుకుంటుంది. కొవ్వొత్తిలో అది తనంతట తాను నిలబడాలి, తనంతట తాను పొట్టి కావాలి. పేనిన పత్తి వేడి మైనంలో తడవగానే ఒళ్లు వాల్చేస్తుంది.

యూరప్‌లో కూడా రెండు వందల ఏళ్ల కిందటివరకు పేనిన వత్తే. కాలిన కొస నల్లగా వేలాడుతూ ఉంటే కొన్ని నిమిషాలకోసారి కత్తిరించాలి. దానికోసం చిన్న డబ్బా అతికించిన కత్తెరలుండేవి. నాటకశాలల్లో ఆ పనికే జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకునేవారు. 1820లలో కాంబసెరెస్ అనే ఫ్రెంచివాడు వత్తిని జడలాగా అల్లి చూశాడు. అల్లిన వత్తి కాలుతున్నకొద్దీ ఒక పక్కకి వంగుతుంది. వంగిన కొస మంట అంచులోకి, గాలి బాగా తగిలే చోటికి వెళ్లి అక్కడ ఎర్రగా కాలి బూడిదై రాలిపోతుంది. దానికి తోడు వత్తిని లవణాల నీళ్లలో నానబెట్టాడు, బూడిద కూడా సరిగా కరిగిపోవడానికి. కత్తెరవాళ్ల ఉద్యోగాలు పోయాయి. ఇవాళ ఒక పక్కకి కాస్త తల వంచి వెలిగే కొవ్వొత్తి వత్తులన్నీ ఆ జడ సంతానమే.

రంగూన్ మాట మొదలెట్టి ఫ్రాన్సుకి వెళ్లిపోయాను. వెనక్కి వద్దాం, ఎందుకంటే కొవ్వొత్తి చరిత్రలో రంగూన్‌ది చిన్న పీట కాదు. ఐరావతి ఒడ్డున యెనంజౌంగ్ అనే చోట నేలలో చేత్తో బావులు తవ్వి రాతినూనె తోడేవారు. 1795లో బర్మాని ఏలే ఆవా రాజు దగ్గరికి రాయబారిగా వెళ్లిన మైకేల్ సైమ్స్ ఆ బావుల గురించి రాశాడు. బావుల మీద హక్కు 24 కుటుంబాలది, తాతల నుంచి వచ్చినది. ఆ నూనెలో మైనం పాలు ఎక్కువ, చల్లబడితే గడ్డకడుతుంది. 1852 యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు రంగూన్ పట్టుకున్నాక ఆ చిక్కటి నూనె లండన్ చేరింది. వారన్ డి లా రూ అనే శాస్త్రవేత్త దాన్ని బట్టీలో కాచి పారఫిన్ మైనం తీసే పద్ధతికి 1854లో పేటెంటు తీసుకున్నాడు. ప్రైస్ అనే పెద్ద కొవ్వొత్తుల కంపెనీ దాంతో కొవ్వొత్తులు చేసి అమ్మింది. అంతకుముందు ఇంగ్లండులో బీదవాడికి పశువుల కొవ్వు, డబ్బున్నవాడికి తేనెమైనం లేదా తిమింగలం మైనం. తెల్లగా, కంపు లేకుండా వెలిగే చవక కొవ్వొత్తి పారఫిన్‌తో వచ్చింది. మనం ఇప్పుడు సెంటు పొయ్యగలుగుతున్నామంటే కింద ఉన్న మైనానికి సొంత కంపు లేకపోవడం వల్లనే కదా.

1886లో గ్లాస్గోలో బర్మా ఆయిల్ కంపెనీ పెట్టారు. దాని పెద్ద శుద్ధి కర్మాగారం సిరియంలో వెలిసింది. సిరియం అంటే ఇప్పటి తన్‌లిన్. తాకేటా నుంచి బాగో నది దాటితే అదే. 1993లో వంతెన కట్టాక బస్సెక్కి వెళ్లిపోవచ్చు. కిరసనాయిలుతోపాటు మైనం, కొవ్వొత్తులు కూడా ఆ కంపెనీ సరుకే. ఓడల్లో దేశదేశాలు వెళ్లిన ఆ పెట్టెల్లో కొన్నింటినైనా మన కోరంగీల భుజాలే ఎక్కించి ఉంటాయని నా ఊహ. 1942 మార్చిలో జపానువాళ్లు రంగూన్‌లోకి అడుగు పెట్టకముందే ఇంగ్లీషువాళ్లు ఆ కర్మాగారాన్ని తామే తగలబెట్టి పోయారు. 1963లో కంపెనీ ఆస్తులు బర్మా ప్రభుత్వపరం అయ్యాయి. మరుసటేడు దుకాణాలు జాతీయం చేసి, 50, 100 చాట్ నోట్లు రద్దు చేసినప్పుడు మనవాళ్లు చాలామంది చేతులూపుకుంటూ ఓడెక్కి విశాఖలో దిగారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట అప్పటి జ్ఞాపకమే. ఉండిపోయినవాళ్లలో మా వదిన అత్తవారు ఒకరు.

ఇక అసలు పని. వత్తి ఎంచుకోవడానికి మూడు సంగతులు తెలియాలి: గ్లాసు లోపలి వెడల్పు, మైనం రకం, సెంటు పాలు. ఈ మూడింట్లో మొదటిదే పెద్దన్న.

వెడల్పుని లోపలి అంచు నుంచి లోపలి అంచుకి స్కేలు పెట్టి కొలవాలి. గ్లాసు పైన వెడల్పు, కింద ఇరుకు అయితే మధ్యలో కొలత తీసుకోండి. పూర్ణకుంభం లాగా పొట్ట ఉన్న పాత్రలు ముచ్చటగానే ఉంటాయి గానీ, పొట్ట దగ్గర సరిపోయిన వత్తి మెడ దగ్గర గాజుని పగలగొడుతుంది. మొదటిసారి చేసేవాళ్లు నిలువు గోడల గ్లాసే తీసుకోండి. 5 సెంటీమీటర్ల గ్లాసుకీ 8 సెంటీమీటర్ల గ్లాసుకీ ఒకే వత్తి అమ్మేవాడిని నమ్మకండి. 9, 10 సెంటీమీటర్లు దాటితే ఒక లావు వత్తి కంటే రెండు మూడు సన్న వత్తులు మేలు. వేడి ఒక్కచోట పోగుపడదు.

మైనాల్లో పారఫిన్ త్వరగా కరుగుతుంది, పల్చగా పారుతుంది, దానికి మధ్యరకం వత్తి చాలు. సోయా మైనం కరిగినా చిక్కగా, బద్ధకంగా ఉంటుంది. అదే గ్లాసుకి ఒకటి రెండు సైజులు పెద్ద వత్తి అడుగుతుంది. తేనెమైనం 62 డిగ్రీల పైన గానీ కరగదు, దానికి ఇంకా దిట్టమైన, పలకలుగా అల్లిన వత్తి కావాలి. కొబ్బరినూనె కలిపిన మైనం ఏప్రిల్‌లో రంగూన్‌లోనైనా విజయవాడలోనైనా వత్తి సంగతి అటుంచి గ్లాసులోనే నిలవదు. చెమటలు కారుస్తుంది.

సెంటు సంగతి. మైనం బరువులో 6 నుంచి 8 శాతం. 200 గ్రాముల మైనానికి 12 నుంచి 16 గ్రాములు, త్రాసు మీద తూచి. మూతలతో కొలవడం మా వదిన పద్ధతి, అది మనకొద్దు. మైనం పట్టగలిగినదానికంటే ఎక్కువ పోస్తే అది పైన నూనెలా తేలుతుంది, లేదా వత్తి సందుల్లో దూరి దారి మూసేస్తుంది. అంటే వాసన రావట్లేదని సెంటు పెంచినకొద్దీ వత్తి ఇంకా మొద్దుబారుతుంది, వాసన ఇంకా తగ్గుతుంది. వదిన గ్లాసులో జరిగిన తంతులో సగం ఇదే. వనిల్లా, గంధం లాంటి బరువు సెంట్లకి వత్తి ఒక సైజు పెంచాలి. నిమ్మ, నారింజ రకాలకి అక్కర్లేదు. ఒంటి మీద కొట్టుకునే స్ప్రే సెంట్లు వద్దే వద్దు. వాటిలో ఉన్నది ఎక్కువగా ఆల్కహాలు. అది మైనంలో కలవదు, మంటకి మాత్రం చుట్టమే. రంగు కోసం పిల్లల క్రేయాన్లు వేసేవాళ్లున్నారు. ఆ రంగుపొడి కరగదు, వత్తి గొంతులో అడ్డం పడుతుంది.

పువ్వులు? అక్కడి కొత్త సంవత్సరం థింజాన్ పండగ రోజుల్లో, తొలివాన పడగానే, రంగూన్ వీధుల్లో పడౌక్ చెట్లు ఒక్కసారిగా బంగారు పూత పూస్తాయి. మన వేగిసకి దగ్గర చుట్టం ఆ చెట్టు. ఆడవాళ్లందరి జడల్లోనూ అవే. వదినకి ఆ పూలని మైనంలో మరిగించాలని కోరిక. పచ్చిపువ్వులో ఉండేది చాలావరకు నీరే. అది వత్తిలో చేరితే చిటపటలే గానీ పరిమళం రాదు. ఎండుపూలు పైన చల్లితే అవి రెండో వత్తి అయి కూర్చుంటాయి, మంట గ్లాసంతా పాకుతుంది. పూలు జడలోనే బాగుంటాయి.

దుకాణంలో వత్తులకి పేర్లుంటాయి. సీడీ, ఈకో, ఎల్‌ఎక్స్, హెచ్‌టీపీ అని, పక్కన అంకెలు. అంకె పెరిగితే లావు పెరుగుతుంది. కానీ ఒక రకంలో 10కీ ఇంకో రకంలో 10కీ సంబంధం లేదు, చెప్పులకి ఒక్కో కంపెనీ సైజు ఒక్కోలా ఉన్నట్టు. కొన్నింటి మధ్యలో కాగితపు పోగు ఉంటుంది, కొన్నింటిలో సన్నటి జింకు తీగ, నిటారుగా నిలవడానికి. ఒకప్పుడు సీసం తీగ పెట్టేవారు. కాలితే సీసం గాలిలో కలుస్తుందని అమెరికాలో 2003లో నిషేధించారు. ఊరూ పేరూ లేని వత్తిలో తీగ కనబడితే దాన్ని తెల్లకాగితం మీద గీయండి. పెన్సిలు గీతలా బూడిదరంగు చార పడిందా, బయట పారేయండి. చెక్కవత్తులు కూడా వస్తున్నాయి. చిటచిటమని చప్పుడు చేస్తాయి. వెలిగించడానికి మాత్రం ఓపిక కావాలి. నాకంత ఓపిక లేదు.

తాకేటాలో ఇవేవీ వీధి చివర దొరకవు. మన ఊళ్లలోనూ చాలాచోట్ల దొరకవు. అప్పుడు చేతి వత్తే గతి. మెలి తక్కువ ఉన్న మంచి నూలుదారం తీసుకుని మూడు పాయల జడ అల్లండి, బిగుతుగా, ఒకే లాగు మీద. పాలిస్టర్ కలిసిన దారం వద్దు, అది కాలదు, కరిగి ముద్దవుతుంది. ఒక కప్పు గోరువెచ్చని నీళ్లలో ఒక పెద్ద చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల వెలిగారం కరిగించి జడని రాత్రంతా నానబెట్టండి. రెండు రోజులు ఆరనివ్వండి. వానాకాలం రంగూన్‌లో అయితే ఇంకా ఎక్కువే పడుతుంది, తడి ఆరకుండా ముందుకి పోవద్దు. తరవాత కరిగిన మైనంలో ముంచండి. ముంచగానే జడ సందుల్లోంచి సన్నటి బుడగలు వరసగా లేస్తాయి. లోపలి గాలి బయటికి పోతోందన్నమాట. బుడగలు ఆగిపోయేదాకా ఉంచి, తీసి, రెండు చివరలూ పట్టుకుని లాగి నిటారుగా ఆరబెట్టండి. పాయకి ఒక పోగు వేస్తే ఒక లావు, రెండేస్తే ఒక లావు, మూడేస్తే ఒక లావు. మూడు రకాలూ చేసి చీటీలు కట్టిపెట్టుకోండి. అవే మీ సైజులు.

వదినకి అంత ఓపిక ఎక్కడ? "ఆ దారాలన్నీ నానెయ్యలేనే" అంది. సన్న కొవ్వొత్తి వత్తులే మూడు తీసుకుని, 7 సెంటీమీటర్ల గ్లాసులో ముక్కోణంగా, ఒకదానికొకటి రెండున్నర సెంటీమీటర్ల ఎడంగా నిలబెట్టాం. సెంటు తూచి పోశాం, అంతకుముందు పోసినదాంట్లో సగం కూడా లేదు. వెలిగిస్తే మూడు గుంటలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి కలిసిపోయాయి. మైనం అంచుదాకా తేటపడింది. కాసేపటికి వంటింట్లో ఉన్న పిల్ల "ఏటమ్మా మల్లెపూల వాసన" అంటూ వచ్చింది. గ్లాసు పైభాగం కాస్త ఎక్కువ వేడెక్కింది, అది మాత్రం నాకు నచ్చలేదు. ఇంకో సెంటీమీటరు ఎక్కువ వెడల్పున్న గ్లాసు తీసుకోమని చెప్పాను.

ఎవరేం చెప్పినా, నేను చెప్పినా, చివరికి తేల్చేది వెలిగించి చూడడమే. పోసిన రోజే వెలిగించకండి. పారఫిన్‌కి రెండు మూడు రోజులు, సోయాకి వారం నుంచి రెండు వారాలు సెంటు మైనంలో కుదురుకోవాలి. వత్తిని 6 మిల్లీమీటర్లకి కత్తిరించి వెలిగించండి. అంగుళం వెడల్పుకి గంట చొప్పున లెక్క: 7 సెంటీమీటర్ల గ్లాసు దాదాపు మూడు గంటల్లో అంచుదాకా కరగాలి. గంటలోనే కరిగిందంటే వత్తి లావు. నాలుగు గంటలకీ గోడలు మిగిలాయంటే సన్నం. చెరువు లోతు ఒక సెంటీమీటరు దాటకూడదు. నాలుగు గంటలకి ఆర్పేసి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ కత్తిరించి, మళ్లీ వెలిగించాలి. గ్లాసు అడుగుకి వచ్చేదాకా ఇలాగే. మొదటి సగంలో బుద్ధిగా వెలిగి, గ్లాసు లోతుకి దిగాక గాలి అందక పొగ కక్కే వత్తులుంటాయి. అడుగున అర అంగుళం మైనం ఉండగానే ఆపేయాలి, లేకపోతే గాజు పగులుతుంది.

ఇంకొకటి, ఇది మనవాళ్లకి ప్రత్యేకం. పరీక్ష ఫ్యాను కింద పెట్టకండి. ఫ్యాను గాలికి మంట ఊగితే మంచి వత్తి కూడా మసి కక్కుతుంది, ఒక పక్కే కరుగుతుంది. ఈ విషయంలో తాకేటా వాళ్లు అదృష్టవంతులు. కొవ్వొత్తి వెలిగే వేళకి ఫ్యాను ఎలాగూ తిరగదు.

మీరు మాత్రం ముందు సెంటు కొనకండి. స్కేలు తీసుకుని, మీ ఇంట్లో ఉన్న గ్లాసు లోపలి వెడల్పు కొలిచి, ఆ అంకె చీటీ మీద రాసుకోండి. దానికి దగ్గరగా మూడు సైజుల వత్తులు తెచ్చుకుని, సెంటు లేని మైనంలో మూడూ వెలిగించి చూడండి. ఏది గెలిచిందో నాకు రాయండి.